బ్రేకమ్మ

మూడు బోల్టులు వచ్చాయి. నాలుగోది రానంటోంది.

ఉదయం ఏడున్నర. గ్యారేజీ షట్టర్ సగం పైకెత్తి ఉంది. రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారులో, డ్రైవర్ పక్క సీటు కిందకి తల దూర్చి, కాళ్ళు బయటపెట్టి, ఆవిడ పానాతో కుస్తీ పడుతోంది. వయసు యాభై ఏడు. తొమ్మిదిన్నరకల్లా కళ్ళజోళ్ళ దుకాణంలో ఉండాలి. ఇరవై రెండేళ్ళుగా అక్కడ అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆవిడ పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోని ఆ చేతులకి ఈ తుప్పు పట్టిన బోల్టు లొంగడం లేదు.

"అమ్మా! ఏం చేస్తున్నావు?"

ఉలిక్కిపడి తల ఎత్తబోయి డాష్‌బోర్డుకి గట్టిగా కొట్టుకుంది.

"వచ్చావా? ఆ గూట్లో నూనె డబ్బా ఉంది. ఇలా అందుకో."

కొడుకు అందుకోలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బీమా కంపెనీలో ప్రమాదాలకి గురైన కార్లని పరీక్షించే ఉద్యోగం అతనిది. కారు చూడగానే ఏది ఉందో ఏది లేదో కళ్ళు వాటంతటవే లెక్కపెట్టేస్తాయి.

"వెనక సీటు ఏది?"

"గోడకి ఆనించాను. కళ్ళ ముందే ఉందిగా."

"కార్పెట్టు?"

"తీసేశాం."

"ఏసీ?"

"పానా మాస్టారు నిన్న పీకేశాడు."

"పీకేశాడా? అదేమన్నా పిచ్చిమొక్కా అమ్మా పీకేయడానికి!"

"పదిహేను కిలోలురా. రేసులో పదిహేను కిలోలంటే మాటలా?"

రేసు అన్న మాట దగ్గర కొడుకు ఆగిపోయాడు. ఆవిడ బయటకి జరిగి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, డ్రైవింగ్ సీటు మీద పెట్టి ఉంచిన కాగితం తీసి ఇచ్చింది. రోడ్డు రిజిస్ట్రేషన్ రద్దు చేయమని కోరే దరఖాస్తు. లోపల ఇనుప పంజరం బిగించాక ఆ కారు ఇక రోడ్డెక్కకూడదు. ట్రాక్ మీదే తిరగాలి. ఔత్సాహికుల రేసుల్లో చేర్చుకోవాలంటే క్లబ్బుకి ఆ దరఖాస్తు ఇచ్చిన రసీదు చూపించాలి. కారు తండ్రి పేరు మీద ఉంది గనక వారసులిద్దరూ సంతకం చేయాలి. కింద ఒక సంతకం అప్పటికే ఉంది.

"పై నెల మూడో ఆదివారం మొదటి రేసు. నీ సంతకం ఒక్కటే బాకీ."

"నువ్వు రేసు నడుపుతావా? నువ్వా?"

ఆ 'నువ్వా'లో కొన్నేళ్ళ ఇంటి పరిహాసం ఉంది. తండ్రికి సెలవురోజు వస్తే ట్రాక్ పిచ్చి. భార్య పక్క సీట్లో కూర్చుని ప్రతి మలుపుకీ కేకలు పెట్టేదట. ఇంటికొచ్చాక ఆయన చేతులు తిప్పుతూ ఆ కేకల్ని నటించి చూపిస్తే కొడుకూ కోడలూ పొట్టలు పట్టుకుని నవ్వేవారు. ఆయనే పెట్టాడు ఆ పేరు, బ్రేకమ్మ. చుట్టాల్లో కూడా అదే స్థిరపడిపోయింది. ఆవిడ కూడా వాళ్ళతోపాటే నవ్వేది.

ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ట్రాక్ మీద కాదు, ఆసుపత్రి మంచం మీద, గుండెపోటుతో.

"ఇది నాన్న కారు. దీన్ని కవరు కప్పి నా దగ్గర ఉంచుకుందామనుకున్నాను. ఆదివారాలు పాపని ఎక్కించుకుని, ఇది తాతయ్య కారమ్మా అని తిప్పుదామనుకున్నాను. నువ్వేమో పాత సామానోడిలా ముక్కలు చేస్తున్నావు. పోనీ ఆ సీటైనా ఉంచు."

"ఒక్కళ్ళు నడిపే కారుకి రెండో సీటు దేనికి?"

"నుజ్జునుజ్జయిన కార్లు రోజుకి నాలుగు చూస్తానమ్మా నేను. ఐదోది మా అమ్మది కావాలా?"

కాగితం బానెట్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. అతని కారు వీధి మలుపు తిరిగేదాకా చూసి ఆవిడ మళ్ళీ సీటు కిందకి దూరింది. నూనె పడ్డాక నాలుగో బోల్టు కదిలింది.

తర్వాతి మూడు వారాలూ కారు రోజురోజుకీ తేలికైంది.

పానా మాస్టారు ఆవిడ భర్తకి పాత స్నేహితుడు. చేతిలో పానా లేకుండా ఎప్పుడూ కనిపించడు గనక ఆ పేరు వచ్చింది. పక్కవీధిలో వెల్డింగు షెడ్డు. సాయంత్రం నాలుగింటికి వచ్చి ఏడింటిదాకా పనిచేసేవాడు. చప్పుడు రాకుండా నేలకి అంటించిన తారు పలకల్ని ఇద్దరూ ఉలులతో గీకారు. కిటికీ అద్దాలు తీసి ప్లాస్టిక్ పలకలు బిగించారు. ఉక్కు గొట్టాలు వంచి లోపల పంజరం కట్టారు. కారు బోల్తా కొట్టినా పైకప్పు తల మీదకి రాకుండా కాపాడేది అదే. తాళం పెట్టి తిప్పే పాత ఏర్పాటు పోయి, ఒక స్విచ్చీ ఒక బటనూ వచ్చాయి. ఆవిడ నడుము కొలతకి కొత్త సీటు, దానికి ఆరు పట్టీల బెల్టు. పని జరుగుతున్నంతసేపూ మాస్టారు ఏదో ఒకటి వాగుతూనే ఉండేవాడు.

"వదినా, ఈ సీట్లో కూర్చుంటే లేవడానికి క్రేను కావాలి."

"నీకు కావాలి. నాకక్కర్లేదు."

అతను వెళ్ళిపోయాక ఇల్లు మిగిలేది. నాలుగు గదులు. ఒకదాంట్లో రేడియో పెట్టి, ఇంకోదాంట్లో కూర్చునేది ఆవిడ. అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఉంటుందని. వంటింటి గట్టు దగ్గర నిలబడే తినేసేది. బల్ల దాకా వెళ్తే కుర్చీలు కనిపిస్తాయి. కొడుకు ఫోన్ చేయడం మానేశాడు. కోడలు మాత్రం రెండురోజులకోసారి, "ఆయన ఇంకా అలాగే ఉన్నారత్తయ్యా" అని చెప్పి పెట్టేసేది. దుకాణంలో రోజంతా మనుషులు వస్తూనే ఉంటారు గాని, వాళ్ళతో ఆవిడ మాట్లాడేది ఒక్క మాటే. కొత్త కళ్ళజోడు ముక్కు మీద సర్ది అడగడం: "ఇప్పుడు సరిగ్గా కనిపిస్తోందా?" కనిపిస్తోందని చెప్పి వాళ్ళు వెళ్ళిపోయేవారు.

నాలుగో వారం సోమవారం పొద్దున, ట్రాక్ మీద మొదటి సాధన. కారుని చిన్న లారీ మీద తీసుకెళ్ళారు. పానా మాస్టారు స్టాప్‌వాచీ పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. పది చుట్లు. ఆవిడ దిగేసరికి అతను బుర్ర గోక్కుంటున్నాడు.

"వదినా, ఒక మాట అడుగుతాను, ఏమనుకోవద్దు. నడపడం మీకెవరు నేర్పారు?"

"ఎందుకు?"

"గీత గీసినట్టు నడిపారు. చెయ్యి ఎక్కడా తడబడలేదు. బ్రేకు మాత్రం ప్రతిచోటా ముందే కొడుతున్నారు. మలుపుకి నూరు మీటర్లని చెప్పే బోర్డు దాకా ఆగొచ్చు. మీరు దానికి ఇరవై మీటర్లు ముందే కొట్టేస్తున్నారు."

"భయమేమో."

"భయమైతే ఒకచోట పది, ఒకచోట ముప్పై ఉంటుంది. మీది టేపు పెట్టి కొలిచినట్టు అన్నిచోట్లా ఇరవయ్యే. నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు."

ఆవిడ హెల్మెట్ తుడిచి సంచీలో పెట్టేసుకుంది. మర్నాడు అతను లోపల చిన్న కెమెరా బిగించాడు, కాలు ఎప్పుడు కదులుతోందో చూద్దామని. ఆ రాత్రి వీడియో చూసి నిద్ర పట్టక, పొద్దున్నే కొడుకు ఫోన్‌కి పంపాడు. కింద ఒక ముక్క రాశాడు: 'బాబూ, ఇది నాకర్థం కావట్లేదు. నువ్వు చూడు.'

కొడుకు ఆఫీసు పార్కింగులో కారు ఆపుకుని చూశాడు. తెర మీద హెల్మెట్ పెట్టుకున్న తల్లి. ఇంజను హోరు. ఆ హోరులోంచి ఆవిడ గొంతు, స్పష్టంగా, పాఠం అప్పజెబుతున్నట్టు:

"కుడి మలుపు, పొడుగుది. మూడు. రెండు. ఒకటి. ఇప్పుడు... వదులు. ఎడమ, చిన్నది. రెండు. ఒకటి. ఇప్పుడు..."

పక్కన ఎవరూ లేరు. పక్కన సీటే లేదు.

అతను ఆఫీసులోకి వెళ్ళలేదు. కారు వెనక్కి తిప్పాడు.

ఆవిడ దుకాణానికి బయలుదేరుతూ గుమ్మంలో ఎదురుపడింది. కొడుకు ముఖం చూసి సంచీ కింద పెట్టింది.

"తాళాలు ఇవ్వు."

"ఏ తాళాలు?"

"కారు తాళాలు. ఇవ్వమ్మా ముందు."

గోడకి వేలాడుతున్న తాళంచెవి తనే లాక్కుని జేబులో వేసుకున్నాడు. ఆవిడకి అంతలోనూ నవ్వొచ్చింది.

"తీసుకుపోరా. దాంతో ఇప్పుడు డిక్కీ కూడా తెరుచుకోదు. బటన్ నొక్కితే స్టార్టవుతుంది."

"నవ్వకు!" కొడుకు అరిచాడు. "ఎవరితో మాట్లాడుతున్నావు కారులో? నేను వీడియో చూశాను. నాన్నతోనే కదా? పోయినవాళ్ళతో మాట్లాడుకుంటూ నూట యాభై స్పీడులో పోతున్నావు. సాయంత్రం డాక్టరు దగ్గరకి వెళ్తున్నాం. సంతకం సంగతి మర్చిపో. ఆ పంజరం కోయించేస్తాను."

"నాకేం పిచ్చి పట్టలేదు. కూర్చో."

"కూర్చోను."

"అయితే నిలబడే విను. మీ నాన్నకి చివరి మూడేళ్ళూ కళ్ళు కనపడలేదు."

సంచీని గోడ పక్కకి జరిపి ఆవిడే చెప్పడం మొదలుపెట్టింది.

"ఒకరోజు తలుపు చట్రం చూసి, ఇదేంటే ఇలా వంగిపోయింది అన్నారు. ఇద్దరం కలిసి వడ్రంగిని తిట్టుకున్నాం. మర్నాడు దుకాణంలో గళ్ళ కాగితం చూపిస్తే నడిమి గళ్ళు కనపడలేదన్నారు. కంటి వెనక మచ్చ. ఎటు చూస్తే అటు నడుమ చెరిగిపోతుంది, అంచులు మాత్రం ఉంటాయి. మందు లేని రకం. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. నీకు అస్సలు చెప్పొద్దన్నారు."

"అబద్ధం. నాన్న రోజూ పేపర్ చదివేవాడు."

"పట్టుకునేవారు. పొద్దున్నే నేను చదివి వినిపించేదాన్ని. నువ్వొచ్చే వేళకి పట్టుకుని కూర్చునేవారు."

"మరి కారు? ఈ గేటులోంచి నడుపుకుంటూ వెళ్ళేవాడుగా! నేను చూశాను."

"ఆ మలుపు దాకా. మలుపు తిరిగాక దిగి సీట్లు మారేవాళ్ళం. అక్కణ్ణుంచి ట్రాక్ దాకా, మళ్ళీ ట్రాక్ నుంచి మలుపు దాకా నేనే నడిపేదాన్ని. ట్రాక్ మీద ఆయన నడిపేవారు. పొద్దున మొదటి గంట, ఇంకో కారు లేనప్పుడు. బోర్డులు ఆయనకి కనపడవు. నేను చెప్పేదాన్ని, మూడు, రెండు, ఒకటి అని. మీరు నవ్విన బ్రేకమ్మ కేకలు అవే."

"ఏదైనా అయి ఉంటే? ఇద్దరూ పోయేవాళ్ళు! తప్పు కాదా అమ్మా అది?"

"తప్పే. తప్పని తెలిసే చేశాం. ఆ గంట లేకపోతే ఆయన అప్పుడే మంచం పట్టేవారు." ఆవిడ కుడికాలు నేల మీద నొక్కి చూపించింది. "నేను 'ఇప్పుడు' అన్నాక, ఆయన కాలు కదలడానికి అర సెకను పట్టేది. అందుకని నేనే అర సెకను ముందుగా అనేదాన్ని. నువ్వు వీడియోలో విన్నది అదే. నేను ఆయనతో మాట్లాడటం లేదురా. మూడేళ్ళు ఇంకొకరి కాలికి చెప్పిన నోరు, నా కాలికి కూడా అలాగే చెబుతోంది. నా కాలు ఆ మాట వింటోంది. అంతే."

కొడుకు గోడకి ఆనుకున్నాడు. మాట్లాడినప్పుడు వేరే ఏదో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

"పాప పుట్టిన రోజున ఆసుపత్రిలో నాన్న చేతికిచ్చాను. నాన్న దాని ముఖంకేసి చూడనేలేదమ్మా. ఎటో పక్కకి, గోడకేసి చూశాడు. ఆడపిల్లని నచ్చలేదేమో అనుకున్నాను. అడగలేదు. ఆ తర్వాత... రావడం తగ్గించేశాను."

ఆవిడ కొడుకు దగ్గరకి వెళ్ళింది. అతని గడ్డం పట్టుకుని, తన ముఖం పక్కకి తిప్పుకుని, ఓరగా అతని వైపు చూసింది.

"ఇలాగేనా?"

అతను తలూపాడు.

"తిన్నగా చూస్తే ముఖం ఉన్నచోట మచ్చ తప్ప ఏమీ ఉండదురా ఆయనకి. పక్కకి తిప్పితేనే అంచులోంచి కనిపించేది. అరగంట చూశారు దాన్ని. ఇంటికొచ్చి, ముక్కు నాదే, చెవులు నీవే అని చెప్పారు."

కొడుకు అక్కడే, చెప్పులు విప్పే చోట, కింద కూర్చుండిపోయాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి వెక్కివెక్కి ఏడుస్తుంటే ఆవిడ పక్కనే కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. ఆ రోజు ఆవిడ దుకాణానికి చేరేసరికి పదకొండైంది.

వెళ్తూ వెళ్తూ అతను ఒక్కటే అడిగాడు.

"నాన్న గుర్తు కోసమైనా ఆ పక్క సీటు ఉంచుకోవాల్సింది కదమ్మా."

"ఆ సీటు ఆయనది కాదురా, నాది. నేను స్టీరింగు పట్టుకుని పక్కకి చూస్తే అక్కడ ఖాళీగా కనిపించేది నేనే. చెప్పడానికి ఎవరూ లేకుండా కూర్చున్న నేను. అది చూడలేక తీసేశాను."

సంతకం గురించి అతనేమీ అనలేదు. ఆవిడా అడగలేదు.

శుక్రవారం సాధనలో ఆవిడ పళ్ళు బిగబట్టి, నోరు మెదపకుండా నడిపింది. మొదటి ఏడు చుట్లూ కాలు పాత లెక్కే పాటించింది. ఎనిమిదో చుట్టులో పొడుగు కుడి మలుపు వచ్చింది. నూట ఇరవై మీటర్లు దాటింది. నూట పది. నోట్లో మాట లేదు. నూరు బోర్డు పక్కకి రాగానే కాలు దానంతటదే దిగింది. కారు మలుపులోకి తీగలా వంగింది. గోడ దగ్గర పానా మాస్టారు ఎగిరి గంతేయడం కనిపించింది.

ఆవిడకి మాత్రం సంతోషం కలగలేదు. ఇన్నాళ్ళూ ఆయన కాలి కోసం వదిలిన ఆ అర సెకను ఇక అక్కర్లేకుండా పోయింది. ఆయన పోయిన రోజున కూడా ఇంత ఒంటరితనం తెలియలేదు. ఆ రోజు ఇంటినిండా జనం ఉన్నారు.

కారు పక్కకి ఆపి, బెల్టులు విప్పకుండా పది నిమిషాలు అలాగే కూర్చుంది. తర్వాత మళ్ళీ బటన్ నొక్కింది.

శనివారం మధ్యాహ్నం కొడుకు గ్యారేజీకి వచ్చాడు. చేతిలో టార్చి, పొడుగు కర్రకి బిగించిన చిన్న అద్దం, ఆఫీసు తాలూకు పని సామాను. పలకరింపు లేదు. చొక్కా చేతులు మడిచి కారు కిందకి దూరాడు. పంజరంలో ప్రతి అతుకూ అద్దంలో చూశాడు. గొట్టాల్ని వేలితో కొట్టి చప్పుడు విన్నాడు. గంటన్నర గడిచింది. పానా మాస్టారు పరీక్షా ఫలితాల కోసం నిలబడ్డ కుర్రాడిలా చెమటలు తుడుచుకున్నాడు.

"అమ్మా, కూర్చో. బెల్టులు పెట్టుకో."

ఆవిడ కూర్చుంది. కొడుకు వెనక నుంచి ఆవిడ భుజాల దగ్గర వేలు పెట్టి కొలిచాడు.

"బాబాయ్, ఈ భుజం పట్టీలు బిగించిన గొట్టం కిందకి ఉంది."

"నాలుగు వేళ్ళే కదయ్యా తేడా!"

"పట్టీ భుజం నుంచి వెనక్కి తిన్నగా పోవాలి. ఇలా కిందకి లాగితే, ముందు గుద్దుకున్నప్పుడు బెల్టే వెన్నెముకని నొక్కేస్తుంది. పోయిన ఏడాది ఇలాంటి కారు ఒకటి చూశాను. కారు బాగానే ఉంది. మనిషి లేవలేదు."

మాస్టారు గొట్టం కోసి, నాలుగు వేళ్ళు పైకి జరిపి, మళ్ళీ అతికాడు. అతుకు చల్లారాక కొడుకు ఇంకోసారి అద్దం పెట్టి చూశాడు. అప్పుడు గూట్లో దాచి ఉన్న ఆ దరఖాస్తు తీసి, బానెట్ మీద పరిచి సంతకం చేశాడు.

"ఆఫీసు ఆరింటిదాకా ఉంటుంది. నేనే ఇచ్చి రసీదు తెస్తాను," అన్నాడు తల ఎత్తకుండా.

ఆదివారం పొద్దున ట్రాక్ దగ్గర కార్లు వరసగా నిలబడ్డాయి. తనిఖీ చేసే ఆవిడ పెన్ను చెవి వెనక పెట్టుకుని ఒక్కొక్కటే చూస్తూ వచ్చింది. బెల్టులు లాగింది, మంటలార్పే సిలిండరు తారీఖు చూసింది, బయటి నుంచి కరెంటు ఆపే మీట తిప్పింది. భుజం పట్టీల దగ్గర ఆగి, బాగా కట్టారే అంది. పానా మాస్టారు ఛాతీ విరుచుకుని, పక్కనే కొడుకు కనిపించేసరికి మళ్ళీ దించుకున్నాడు.

"కారు సరిపోయింది మేడమ్. ఈ ఫారంలో ఒక గడి వదిలేశారు."

"ఏది?"

"ప్రమాదం జరిగితే ఎవరికి చెప్పాలో, వాళ్ళ నంబరు."

భర్త ఫారాల్లో ఆ గడి తన నంబరుతో నింపేది తనే. రాత్రి ఈ ఫారం ముందేసుకుని కూర్చుంటే పెన్ను అక్కడికొచ్చి ఆగిపోయింది. సంతకానికే అంత పేచీ పెట్టిన కొడుకుని ఇది కూడా ఎలా అడగడం?

"తప్పనిసరిగా రాయాలా అండీ?"

"రాయకపోతే ట్రాక్ మీదకి దింపలేం మేడమ్. ఎవరూ లేరా?"

కొడుకు టీ కప్పులు పట్టుకుని రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఆ ప్రశ్న విన్నాడు. తల్లి తన వైపు చూడకపోవడం కూడా చూశాడు. కప్పులు తీసుకెళ్ళి మాస్టారు చేతుల్లో పెట్టేసి వచ్చాడు.

"ఇలా ఇవ్వండి."

పేరు రాశాడు. నంబరు రాశాడు. సంబంధం అన్నచోట 'కొడుకు' అని రాసి, కొట్టొచ్చినట్టు కనపడాలని రెండోసారి దిద్దాడు.

"ఫోన్ ఎత్తుతారుగా సార్? చాలామంది ఎత్తరు," అంది తనిఖీ చేసే ఆవిడ.

"ఫోన్ చేసే పని లేదండీ. ఆ గోడ దగ్గరే ఉంటాను."

"ఒరేయ్, పాపని వదిలేసి రోజంతా ఇక్కడేం ఉంటావు..."

"ఏడాదికి ఎన్ని రేసులమ్మా?"

"ఆరు."

"ఆరింటికీ ఉంటాను. పాప కూడా వస్తుంది. తాతయ్య సంగతి నువ్వే చెప్పు దానికి. నాకు తెలిసింది తక్కువ."

ఆవిడ హెల్మెట్ రెండు చేతులతో ఎత్తింది, తల దాకా తెచ్చింది, అక్కడే పట్టుకుని ఉండిపోయింది. పానా మాస్టారు రెండు టీలూ ఒలకకుండా పరిగెత్తుకొచ్చాడు.

"వదినా, కళ్ళు ముందే తుడుచుకోండి. అది పెట్టాక లోపలికి వేలు కూడా పోదు."

"తెలుసులేవయ్యా. ఒక్క నిమిషం ఆగు."

కొడుకు ఆవిడ చేతుల్లోంచి హెల్మెట్ తీసుకుని పట్టుకున్నాడు. ఆవిడ ఒక్క నిమిషం అంది గాని, నాలుగు నిమిషాలు పట్టింది. ముందున్న కార్లు ఒక్కొక్కటే ట్రాక్ మీదకి పోతున్నాయి. తొందరపెట్టడానికి ఎవరికీ నోరు రాలేదు.